ఖాతాలు అయిదు, మనిషి ఒక్కరే: వీసాకు ముందు సోషల్ మీడియా

అందరికీ నమస్కారం. ఇక్కడున్నవాళ్లలో చాలామందికి ఐ-20, అంటే అమెరికా కాలేజీ ఇచ్చే ప్రవేశ పత్రం, వచ్చేసింది, లేదంటే రేపో మాపో వస్తుంది. వెనక వరసల్లో అమ్మానాన్నలు కూడా కనపడుతున్నారు, మంచిదే. బ్యాంకు బ్యాలెన్సు గురించీ, లోన్ లెటర్ గురించీ చెప్పేవాళ్లు మీకు బోలెడుమంది ఉన్నారు. మీ ఫోన్లో మీరు ఎవరిలా కనపడుతున్నారో, ఫారంలో ఎవరిలా కనపడుతున్నారో, ఆ ఇద్దరికీ పొత్తు కుదురుతోందా లేదా అన్నదే ఈ పూట మన విషయం.

అమెరికా వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో సోషల్ మీడియా ప్రశ్న కొత్తది కాదు. 2019 మే నెలాఖరు నుంచీ ఉంది. గత అయిదేళ్లలో ఏ ప్లాట్‌ఫాంలు వాడారు, వాటిలో మీ యూజర్‌నేమ్ ఏమిటి అని అడుగుతుంది. చాలా ఏళ్లు జనం దాన్ని తేలిగ్గా తీసుకున్నారు. ఒక ఫేస్‌బుక్ పేరు రాసేసి తరవాతి పేజీకి వెళ్లిపోయేవారు. 2025లో పరిస్థితి మారింది. మే 27న విద్యార్థి వీసాల కొత్త అపాయింట్‌మెంట్లు ఆపేశారు. జూన్ 18న మళ్లీ మొదలుపెడుతూ ఎఫ్, ఎం, జె వీసాల (చదువు, వృత్తి శిక్షణ, ఎక్స్‌ఛేంజ్ కార్యక్రమాలవి) అభ్యర్థులు తమ ప్రొఫైళ్లన్నీ పబ్లిక్‌లో పెట్టాలన్నారు. ఖాతాల వివరాలు రాయకుండా వదిలేస్తే వీసా నిరాకరించవచ్చు, ముందు ముందు వీసాలకూ అనర్హులు కావచ్చు అని ఢిల్లీలోని అమెరికా ఎంబసీ అదే నెలలో ప్రకటించింది. డిసెంబరు 15 నుంచి హెచ్-1బి ఉద్యోగులనూ, హెచ్-4 మీద వెళ్లే వాళ్ల కుటుంబసభ్యులనూ ఇందులోకి తెచ్చారు. పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ కోసం ఇంటికొచ్చిన ఉద్యోగుల అపాయింట్‌మెంట్లు చాలావాటిని 2026 మార్చికీ ఆ తరవాతకీ జరిపింది అందుకే. ఈ జాబితా పెరుగుతూ పోయేదే కాబట్టి మీ వీసా ఏదైనా సరే, కాన్సులేట్ తాజా ప్రకటన ఒకసారి చూసుకోండి. కన్సల్టెన్సీ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఫార్వర్డ్ చేసింది నమ్ముకోవద్దు.

సెట్టింగుల్లోకి వెళ్లేముందు ఒక్క అయిదు నిమిషాలు అసలు సంగతి మాట్లాడుకుందాం. అది అర్థం కాకపోతే మిగతాదంతా బటన్లు నొక్కడమే అవుతుంది.

ఎర్వింగ్ గాఫ్‌మన్ అని ఒక సమాజశాస్త్రవేత్త ఉండేవాడు. స్కాట్లాండ్ పైన షెట్లాండ్ దీవుల్లో ఉండి జనాన్ని గమనించాడు. అక్కడి హోటల్లో భోజనాల గదిలో ఒక తీరుగా నడుచుకునే మనుషులు వంటింటి తలుపు దాటగానే ఇంకో తీరుగా మాట్లాడుకోవడం చూశాడు. మనిషి ప్రతిచోటా ఎదురుగా ఉన్నవాళ్లను బట్టి తనను తాను చూపించుకుంటాడు, ప్రతివాళ్లకూ ఒక ముందుగదీ ఒక వెనకగదీ ఉంటాయి అని 1950లలోనే చెప్పాడు. ఇందులో మోసమేమీ లేదు. తాతయ్య దగ్గర మాట్లాడినట్టు హాస్టల్లో ఎవరూ మాట్లాడరు.

సోషల్ మీడియా చేసిన పనల్లా ఆ రెండు గదుల మధ్య గోడ తీసేయడం. పెళ్లి పందిట్లో చూడండి, మేనమామ, కాలేజీ స్నేహితుడు, ఆఫీసు బాసు, పక్కింటావిడ అందరూ ఒకే మైకు వింటారు. స్నేహితుడికోసం వేసిన జోకు మేనమామ చెవిన పడుతుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టా అంతే. ఇప్పుడు ఆ పందిట్లోకి వీసా అధికారి కూడా వచ్చి కూర్చున్నాడు. ఆయనకు మీ జోకుల సందర్భం తెలియదు, మీ భాష రాకపోవచ్చు, చేతిలో మాత్రం మీ ఫారం ఉంది.

ఒక మనిషికి రెండు గుర్తింపులుండటం నిజాయితీ లేకపోవడమేనన్న ధోరణిలో ఫేస్‌బుక్ స్థాపకుడు ఒకప్పుడు మాట్లాడాడు. ఆ వాదన నాకు నచ్చదు. ఆ కంపెనీయే 2014లో అసలు పేర్ల నిబంధనను బిగించి, రంగస్థలం పేర్లతో బతికే కళాకారుల ఖాతాలు నిలిపేసి, తరవాత క్షమాపణ చెప్పుకోవాల్సివచ్చింది. కాబట్టి నేను చెప్పబోయేది వేరు. మీ గొంతులు ఎన్నయినా ఉండొచ్చు, మీ నిజాలు మాత్రం ఒక్కటే ఉండాలి. పేరు, పుట్టిన తేదీ, చదువు, ఉద్యోగం, ఉన్న ఊరు, వెళ్లే పని ఇవి నిజాలు. హాస్యం, అభిమానం, కవిత్వం, కోపం ఇవి గొంతులు. మొదటివాటిని సరిచూసుకోండి. రెండోవాటిని కడిగి కడిగి తెల్లకాగితం చేయకండి.

సరే, పనిలోకి దిగుదాం. మొదటి పని ఖాతాల లెక్క తేల్చడం. ఇందులోనే ఎక్కువమంది తప్పుతారు, ఎందుకంటే గుర్తున్నవి రాసి మర్చిపోయినవి వదిలేస్తారు. అయిదేళ్లంటే మీలో కొందరికి ఇంటర్ మొదటి సంవత్సరం దాకా పోతుంది. జ్ఞాపకాన్ని నమ్మకండి, మెయిల్ పెట్టెను నమ్మండి. మీకున్న ప్రతి మెయిల్‌లోనూ, పాత స్కూలు మెయిల్‌తో సహా, ‘వెల్‌కమ్’, ‘వెరిఫై’, ‘సెక్యూరిటీ కోడ్’ అని వెతకండి. తరవాత ఫోన్లోనూ బ్రౌజర్లోనూ సేవ్ అయిన పాస్‌వర్డుల జాబితా తెరవండి. ఈ రెండింటితో తొంభై పాళ్లు బయటపడతాయి.

జనం మరిచిపోయేవాటిలో మొదటిది యూట్యూబ్. ‘నేను వీడియోలు పెట్టలేదు కదా’ అంటారు. కామెంటు రాసి ఉంటే మీకు చానల్ ఉన్నట్టే. 2022 చివర్లో యూట్యూబ్ చానళ్లన్నిటికీ ‘ఎట్’ గుర్తుతో హ్యాండిళ్లు, అంటే యూజర్‌నేమ్‌లు, వచ్చాయి, మీరు పెట్టుకోకపోతే అదే ఒకటి తగిలించింది. యాప్‌లో మీ ప్రొఫైల్ పేజీ తెరిస్తే పేరు కింద కనపడుతుంది. రెండోది రెడిట్. సైట్ ఇచ్చిన వింత పేరుతోనే చాలామంది వాడుతుంటారు. మూడోది లింక్డ్‌ఇన్. అక్కడ యూజర్‌నేమ్ అంటే ప్రొఫైల్ లింకు చివర ఉండే ముక్క.

ఇక మార్చేసిన పేర్లు. ఇన్‌స్టాలో హ్యాండిల్ మూడుసార్లు మార్చి ఉంటారు, ఇప్పటిది ఒక్కటే రాస్తారు. పాతవి కూడా ఆ అయిదేళ్లలో మీరు వాడినవే. దొరకపుచ్చుకోవడానికి దారి ఉంది. ఇన్‌స్టా, ఫేస్‌బుక్‌లలో అకౌంట్స్ సెంటర్‌లోంచి మీ సమాచారం డౌన్‌లోడ్ చేసుకోండి. వచ్చిన ఫోల్డరులో ప్రొఫైల్ మార్పుల ఫైలు ఉంటుంది, పాత పేర్లు తేదీలతో అందులో కనపడతాయి. ఎక్స్‌లో, అంటే పాత ట్విటర్‌లో, మీ సమాచారం ఆర్కైవ్ అడిగితే అందులోనూ ‘స్క్రీన్ నేమ్ చేంజ్’ అనే ఫైలు ఉంటుంది. ఇవి అడిగిన వెంటనే రావు, రోజు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. ఇంటర్వ్యూ రేపనగా మొదలుపెట్టే పని కాదు.

ఫారంలో ఒక్కో హ్యాండిల్‌కూ ‘యాడ్ అనదర్’ నొక్కి వేరే వరస తెరవాలి. ఒకే గడిలో కామాలు పెట్టి మూడు పేర్లు ఇరికించకండి. పాస్‌వర్డు ఎక్కడా అడగరు. ఎవరైనా ఏజెంటు ‘ఫారం నింపడానికి మీ ఇన్‌స్టా పాస్‌వర్డు కావాలి’ అంటే అది వేరే పనికి. ఒక సంస్థలో పదిమంది కలిసి నడిపే ఖాతా, అంటే మీ కాలేజీ ఫెస్ట్ పేజీ లాంటిది, రాయనక్కర్లేదని ఫారమే చెబుతుంది. కానీ మీరొక్కరే నడిపే మీమ్ పేజీ సంస్థ కిందికి రాదు. ఇంకో సంగతి, ఆ ఫారం 20 నిమిషాలు కదలకుండా వదిలేస్తే బయటికి తోసేస్తుంది. అందుకని జాబితా ముందే కాగితం మీద సిద్ధం చేసుకుని కూర్చోండి.

ఇప్పుడు మన తెలుగువాళ్లకు ప్రత్యేకమైన సంగతి, ఫ్యాన్ ఐడీలు. హీరో ఫొటో డీపీగా పెట్టి, పేరు పక్కన హీరో పేరు తగిలించి, ఎక్స్‌లో రోజంతా యుద్ధాలు చేసే ఖాతా. ‘అది ఫేక్ ఐడీ సార్, నాది కాదు’ అనడం మనకు అలవాటు. వాడింది మీరే అయితే ఆ హ్యాండిల్ మీదే. ఫారం మీ అసలు పేరుతో ఉన్న ఖాతాలు మాత్రమే అడగలేదు, మీరు వాడినవి అడిగింది. కింద సంతకం పెట్టేటప్పుడు ఇదంతా నిజమని ధ్రువీకరిస్తున్నారు. కావాలని కీలకమైన విషయం దాచినట్టు తేలితే అమెరికా వలస చట్టంలో దానికి శాశ్వత నిషేధం దాకా ఉంది. ఒక మామూలు ఫ్యాన్ ఖాతా చూసి వీసా ఆపడం కన్నా, ఆ ఖాతాను దాచడం వల్ల వచ్చే ముప్పు చాలా పెద్దది.

అలాంటి ఖాతాలో చిక్కు ఎక్కడొస్తుందంటే, భాషలో. మన బాక్సాఫీసు తెలుగు ఒక్కసారి తలుచుకోండి. ‘ఊచకోత’, ‘రక్తపాతం’, ‘థియేటర్ తగలబెట్టేద్దాం’. మనకవి వసూళ్ల లెక్కలు. (నవ్వులు) అనువాద యంత్రంలో వేస్తే అక్షరాలా హత్యాకాండలు. మీరు నవ్వుతున్నారు గానీ, పక్కనే ఇంకో హీరో అభిమాని పేరు ట్యాగ్ చేసి ‘నీ ఇంటికొచ్చి చంపుతా’ అని ఉంటే అది యంత్రానికే కాదు, తెలుగొచ్చిన పోలీసుకు కూడా బెదిరింపే. కులం పేరుతో తిట్టిన పోస్టులు, ఆడవాళ్ల ఫొటోల కింద రాసిన రోతలు కూడా ఇదే కోవ. అవి వీసా ఉన్నా లేకపోయినా తీసేయాల్సినవి. అయితే ఒక తేడా గుర్తుపెట్టుకోండి. సిగ్గుపడి పాత పోస్టు తీసేయడం ఒకటి, అడిగిన ప్రశ్నకు తప్పు జవాబు రాయడం ఇంకొకటి. ఇంటర్వ్యూకి నాలుగు రోజుల ముందు అయిదేళ్ల ఖాతా మొత్తం ఊడ్చేయడం మాత్రం నేను సలహా ఇవ్వను. ఖాతా ఎత్తేసినా హ్యాండిల్ రాయాల్సిందే. అప్పుడు అధికారి వెతికితే ‘పేజీ లేదు’ అని వస్తుంది. ఆ ఖాళీకి కారణం చెప్పుకోవాల్సిన భారం మీ నెత్తిన పడుతుంది.

ఇప్పుడు నిజాలు సరిచూడటం. పాస్‌పోర్టు, ఐ-20, డీఎస్-160, లింక్డ్‌ఇన్, ఫేస్‌బుక్ ‘అబౌట్’ పేజీ ఈ అయిదూ పక్కపక్కన పెట్టుకోండి.

పేరు సంగతి ముందు. మన ఇంటిపేర్ల వ్యవహారం తెలిసిందే కదా. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, కొందరి పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ, మొత్తం పేరు గివెన్ నేమ్‌లో. అలాంటివాళ్ల అమెరికా వీసాలో మొత్తం పేరు సర్‌నేమ్ గడిలోకి వెళ్లి, గివెన్ నేమ్ దగ్గర ‘ఎఫ్ఎన్‌యూ’, అంటే ‘ఫస్ట్ నేమ్ అన్‌నోన్’, అని పడుతుంది. అక్కడికెళ్లాక బ్యాంకులో, డ్రైవింగ్ లైసెన్సు దగ్గర దానితో తంటాలు పడతారు. సర్‌నేమ్ ఖాళీగా ఉంటే, వ్యవధి ఉంటే, ముందు పాస్‌పోర్టే సరిచేయించుకోండి. ఇక సోషల్ మీడియాలో కాగితాల మీద లేని తోకలు తగిలించుకుంటారు, కులం పేరో ముద్దుపేరో. అది నేరం కాదు. కానీ లింక్డ్‌ఇన్ ఒక్కదాంట్లో పాస్‌పోర్టు పేరే ఉంచండి. మిగతాచోట్ల ముద్దుపేరున్నా ఫరవాలేదు, ఎందుకంటే హ్యాండిల్ మీరే రాసిస్తున్నారు.

పుట్టిన తేదీ చాలామంది ఊహించని గొయ్యి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాలకు కనీస వయసు 13. మీలో చాలామంది ఆరో తరగతిలోనే ఖాతా తెరవడానికి 1995 అనో 1990 అనో కొట్టి ఉంటారు. ఆ సంవత్సరం ఇప్పటికీ అక్కడే ఉంది, కొందరికి పబ్లిక్‌గా. సరిచేయండి. ఫేస్‌బుక్ తేదీని ఇష్టం వచ్చినన్నిసార్లు మార్చనివ్వదు, కాబట్టి ఒక్కసారే సరిగ్గా కొట్టండి.

ఎక్కువ నష్టం చేసేది లింక్డ్‌ఇన్. ఫారంలో చదువు 2023లో అయిందని ఉంటుంది, లింక్డ్‌ఇన్‌లో 2022 నుంచే ‘ఫుల్‌టైమ్ డెవలపర్’ అని ఉంటుంది. కారణం అడిగితే అది అయిదు వారాల ఇంటర్న్‌షిప్. ఇంకొందరికి ట్రైనింగ్ సెంటరు వాళ్లే రెండేళ్ల అనుభవం రాయించి ఉంటారు. ఇప్పుడు దానికి ధర కట్టే రోజు వచ్చింది. నెలతో సహా తేదీలు కలవాలి, హోదా పేరు కలవాలి, కంపెనీ ఆఫర్ లెటర్లో ఉన్నట్టే ఉండాలి. హెడ్‌లైన్‌కు 220 అక్షరాలు ఇస్తుంది. అందులో ‘అమెరికాలో ఫుల్‌టైమ్ ఉద్యోగం కోసం చూస్తున్నాను’ అని రాసుకున్న ఎఫ్-1 విద్యార్థి వీసా అభ్యర్థి తన కేసు తానే చెడగొట్టుకుంటున్నాడు. అమెరికా వలస చట్టం సెక్షన్ 214(బి) ప్రకారం విద్యార్థి వీసా అడిగే ప్రతి అభ్యర్థీ అక్కడే ఉండిపోవడానికి వస్తున్నాడనే అధికారి మొదట అనుకోవాలి. కాదని నిరూపించుకోవాల్సింది మీరు. చదువుకోవడానికి వెళ్తున్నానని గాజు కిటికీ దగ్గర చెప్పి, ప్రొఫైల్‌లో ఉద్యోగానికని రాసుకుంటే ఆయన దేన్ని నమ్మాలి?

దీనికి చెల్లెలు లాంటిది ఫేస్‌బుక్ గ్రూపుల్లో వేసే ప్రశ్న. ‘డల్లాస్‌లో ఆఫ్ క్యాంపస్ పార్ట్‌టైమ్ దొరుకుతుందా అన్నా?’ ఎఫ్-1 మీద తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలు, అంతవరకే మామూలు అనుమతి. మీ ప్రొఫైల్ ఎంత బిగించుకున్నా గ్రూపు పబ్లిక్ అయితే ఆ ప్రశ్న లోకమంతటికీ కనపడుతుంది. పోస్టుకు గ్రూపు సెట్టింగే లెక్క, మీ సెట్టింగు కాదు. ఇతరుల పబ్లిక్ పోస్టు కింద మీ కామెంటుదీ అదే గతి.

ఫొటో గురించి ఒక్క మాట. ఫారంకి అప్‌లోడ్ చేసేది చదరంగా ఉండాలి, 600 నుంచి 1200 పిక్సెళ్ల లోపు, 240 కేబీ మించకుండా, ఆరు నెలల లోపు తీసింది, కళ్లజోడు లేకుండా. స్టూడియోవాళ్లు అడక్కుండానే మొహం తెల్లగా చేసి, మచ్చలు తుడిచి ఇస్తారు. వద్దని ముందే చెప్పండి, కంప్యూటర్లో మెరుగులు దిద్దిన ఫొటో పనికిరాదు.

ఇక పబ్లిక్ చేయడం. ఇక్కడ ఆడపిల్లల తల్లిదండ్రులకు భయం ఉంది, అది అనవసరమైన భయమని నేను అనను. 2023 నవంబరులో రష్మిక మందన్న డీప్‌ఫేక్ వీడియో వచ్చినప్పుడు ఢిల్లీ పోలీసులు పట్టుకున్నది ఆంధ్రప్రదేశ్ కుర్రాణ్నే, చేసింది ఫ్యాన్ పేజీకి ఫాలోవర్లు పెరగడం కోసం. కాబట్టి తలుపు తీసేముందు ఇల్లు సర్దుకోండి. బయోలోంచి ఫోన్ నంబరు, మెయిల్, ఇంటి వీధి తీసేయండి. పాత ఫొటోల్లో ఆధార్, హాల్‌టికెట్, బండి నంబరు ఉన్నాయేమో చూడండి. ‘ఐ-20 వచ్చేసింది’ అని కాగితం ఫొటో పెట్టి ఉంటే వెంటనే తీసేయండి, దాని మీద ఎన్ అక్షరంతో మొదలై పది అంకెలుండే సెవిస్ నంబరు (అమెరికా ప్రభుత్వ రికార్డులో మీ విద్యార్థి నంబరు) ఉంటుంది, పుట్టిన తేదీ ఉంటుంది. వీసా పేజీ, బోర్డింగ్ పాసు ఫొటోలు అంతకన్నా ప్రమాదం. ఇంట్లో చిన్నపిల్లల ఫొటోలు ఆర్కైవ్‌లో వేయండి.

ఇన్‌స్టాలో ‘అకౌంట్ ప్రైవసీ’లో ప్రైవేట్ మీట ఆపేముందు పెండింగ్‌లో ఉన్న ఫాలో రిక్వెస్టులు ఒకసారి చూసి తెలియనివాళ్లవి తొలగించండి. ట్యాగులు మీ అనుమతితోనే కనపడేలా పెట్టండి. మీ రీళ్లు ఇతరులు డౌన్‌లోడ్ చేసుకునే వీలు ఆపేయండి. కామెంట్లు ఫాలోవర్లకే పరిమితం చేయండి. ఇవన్నీ పబ్లిక్ ఖాతాకూ పనిచేస్తాయి. ఖాతా పబ్లిక్‌గా ఉండాలన్నారు గానీ, ఊళ్లోవాళ్లందరి కామెంట్లూ భరించమనలేదు. ఎక్స్‌లో ‘ప్రొటెక్ట్ యువర్ పోస్ట్స్’ తీసేస్తే ఇన్నాళ్లూ దాచిన పాతవన్నీ ఒకేసారి బయటపడతాయి, అందుకే ముందు చదువుకోండి, తరవాత తీయండి. ఎవరైనా మీ ఫొటో మార్ఫింగ్ చేస్తే మొహమాటం లేకుండా ఆ ప్లాట్‌ఫాంలో రిపోర్టు చేయండి. మన 2021 ఐటీ నిబంధనలు అలాంటివి తీయడానికి మొదట్లోనే 24 గంటల గడువు పెట్టాయి. డబ్బు పోతే, బెదిరింపులొస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

(ప్రశ్న: సార్, మావాడికి ఏ సోషల్ మీడియా లేదు. లేదని రాస్తే అనుమానిస్తారేమోనని ఒకటి కొత్తగా తెరిపించమంటున్నారు.)

వద్దమ్మా. నిజంగా అయిదేళ్లలో ఏదీ వాడకపోతే ఫారంలో ‘నన్’ అని ఉంది, అదే నొక్కించండి. గత వారం పుట్టి నాలుగు దేవుడి ఫొటోలున్న ఖాతా ఎవరికీ ఏమీ చెప్పదు. కాకపోతే యూట్యూబ్ కామెంట్లు, రెడిట్ కూడా లేవా అని అబ్బాయిని మీరు లేనప్పుడు ఎవరితోనైనా అడిగించండి. (నవ్వులు)

(ప్రశ్న: నేను ఫారం సబ్మిట్ చేసేశాను, పాత ఎక్స్ ఖాతా రాయడం మర్చిపోయాను. ఇంటర్వ్యూ ఇంకా మూడు వారాలుంది.)

మూడు వారాలంటే సరిపడా సమయం ఉంది. సబ్మిట్ చేసిన ఫారం దిద్దలేరు, కొత్తది నింపాలి. పాత ఫారం అప్లికేషన్ ఐడీ ఉంటే చాలా వివరాలు అందులోంచే తెచ్చుకోవచ్చు. మర్చిపోయిన ఖాతా చేర్చి, మిగతాదంతా మళ్లీ ఒకసారి చదివి సబ్మిట్ చేయండి. కొత్త కన్ఫర్మేషన్ పేజీ మీద కొత్త బార్‌కోడ్ నంబరు వస్తుంది. అపాయింట్‌మెంట్ బుక్ చేసిన ప్రొఫైల్‌లో పాత నంబరు ఉంటుంది కాబట్టి దాన్ని మార్చాలి. రెండూ కలవకపోతే ఇంటర్వ్యూ రోజున ఇబ్బంది. ఇవాళ రాత్రే కూర్చోండి, రెండు కన్ఫర్మేషన్ పేజీలూ ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకోండి. అధికారి అడిగితే, ఒక ఖాతా మర్చిపోయాను, గుర్తొచ్చాక చేర్చాను అని ఉన్నదున్నట్టు చెప్పండి.